యుద్ధం పుస్తకంలో క్రోషే పేజీలు

బైండింగులో పేజీలు తారుమారైన పుస్తకమంత మేలు చేసే వస్తువు ఈ లోకంలో ఇంకొకటి లేదు. ఈ మాట నేను సరదాకి అనడం లేదు. ప్రతి ప్రచురణ సంస్థా ఏడాదికి కనీసం ఒక్క పుస్తకాన్ని తప్పుగా కుట్టి జనం మీదికి వదలాలని ప్రభుత్వం చట్టం చేయాలి. ఒప్పుకోని వాళ్లను కొన్నాళ్లు జైల్లో పెట్టి, సరిగ్గా కుట్టిన పుస్తకాలే చదివించాలి!

నవ్వుతున్నారా? నవ్వండి. మీరు కొన్న పుస్తకంలో ఎనభయ్యో పేజీ తర్వాత నూట పదమూడో పేజీ వస్తే ఏం చేస్తారు? కొట్టుకి పరిగెత్తి, కొట్టాయన్ని నాలుగు మాటలని, వేరే కాపీ తెచ్చుకుంటారు. అంటే ఏమిటన్నమాట? మీరు ఎనభయ్యో పేజీ దాకా నిజంగా చదివారన్నమాట! ఆ సంగతి రుజువు చేయడానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకేదైనా ఉందా? సరిగ్గా కుట్టిన పుస్తకం ఎవరినీ పట్టివ్వదు. దాన్ని చదివినవాడూ, దాని మీద టీ కప్పు పెట్టుకున్నవాడూ సభల్లో ఒకేలా తలాడిస్తారు. మనం ఇద్దరికీ ఒకేలా చప్పట్లు కొడతాం.

నేనొక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడర్ని. ఇతరుల తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగనని మా ఆవిడ ఫిర్యాదు. మా ఆఫీసు రెండంతస్తులది. కింద ప్రెస్సు, బైండింగు. మేడ మీద యజమాని గది, నా బల్ల, అమ్ముడుపోని పుస్తకాలు. నా బల్లకి ఒక కాలు పొట్టిది. దాని కింద ఒక కవితా సంపుటి పెట్టాం. మేం వేసిన పుస్తకాలన్నిటిలోకీ ఎక్కువ కాలం ఉపయోగపడుతున్నది అదే.

ఈమధ్య మా చేతికి ఒకే వారంలో రెండు పుస్తకాలు వచ్చాయి.

మొదటిది పాతకాలపు క్రోషే అల్లికల పుస్తకం. అమ్మమ్మల నాటిది. రాసినావిడ పోయి చాలా కాలమైంది. కుర్చీల వీపుకి తొడిగే లేసులు, టీపాయ్ మీద పరిచే గుండ్రటి గుడ్డలు, పసిపిల్లల టోపీలు, గ్లాసుల మీద ఈగ వాలకుండా పూసలు కట్టిన మూతలు. ఇప్పుడు పాతదంతా మళ్లీ ఫ్యాషన్ కదా! దాన్ని మళ్లీ అచ్చు వేయమని మా యజమాని ప్రాణం తీసింది మా అక్కయ్యే. ఆవిడ ప్రతి గురువారం మధ్యాహ్నం తన ముందుగదిలో క్రోషే క్లాసు చెబుతుంది. పదిమంది శిష్యురాళ్లు. వాళ్లలో ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది, రిటైరైన పోస్టుమాస్టరమ్మ ఉంది. మిగిలిన వాళ్లకి నేనంటే పెద్దగా గౌరవం లేదు కాబట్టి వాళ్ల ఉద్యోగాలు చెప్పను.

రెండోది యుద్ధం గురించి. ఒక దేశం అసలు యుద్ధానికి ఎలా బయల్దేరుతుంది, ముందు ఎవరు అరుస్తారు, వెనక నిలబడి ఎవరు తోస్తారు, కాగితం మీద ఏ మాట మారిస్తే దండయాత్ర కాస్తా ఆత్మరక్షణ అయిపోతుంది, ఇవన్నీ అందులో ఉన్నాయి. రాసింది ఒక ప్రొఫెసరు గారు. పన్నెండేళ్లు కూర్చుని రాశారు. తీరా అది అచ్చుకొచ్చే వేళకి మన దేశమే యుద్ధానికి చెప్పులు వేసుకుంటోంది. పార్లమెంటులో ఓటింగు మరో రెండు వారాల్లో ఉంది. ఓటింగుకి ముందే ప్రతి సభ్యుడికీ ఒక కాపీ ఉచితంగా పంపాలని మా యజమాని నిర్ణయించారు. దేశసేవ అన్నారు. ఆ మాట అంటూనే టీవీ వాళ్ల ఫోన్ నంబర్లు వెతికించారు.

ఆ ఓటింగు మా ఇంట్లో వట్టి టీవీ వార్త కాదు. మా అక్కయ్య కూతురు సైన్యంలో అంబులెన్సు నడుపుతుంది. చిన్నప్పుడు గిన్నె మూత చేతిలో తిప్పుకుంటూ ఇల్లంతా పీపీమని తిరిగేది కాబట్టి దాన్ని మేమంతా హారన్ అని పిలుస్తాం. ఓటింగు నెగ్గితే మొదటి విడతలో వెళ్లేది దాని దళమేనని కాగితం కూడా వచ్చేసింది. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి అక్కయ్య సరిగ్గా అన్నం తినడం లేదు. నాకూ ముద్ద దిగడం లేదు. దాన్ని ఎత్తుకుని వీధులన్నీ తిప్పినవాణ్ని నేనే.

ఇక తప్పు ఎలా జరిగిందో చెబుతాను. పుస్తకం పేజీ తర్వాత పేజీగా అచ్చవదు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు పడతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పుస్తకం పేరు, ఫారం నంబరు వేయడం మా వాళ్ల ఆచారం. బైండరు లోపలి పాఠం చదవడు. ఆ అడుగు అక్షరాలు చూసి దొంతరలు పేర్చుకుంటాడు. ఆ పేరు పేజీ అందాన్ని పాడుచేస్తోందని ఈమధ్యే నాకు జ్ఞానోదయమైంది. రెండు పుస్తకాల్లోనూ పేరు తీసేయించి, వట్టి నంబరు ఉంచాను. చూడ్డానికి ఎంత బాగుందో!

రెండు పుస్తకాలూ ఒకే సైజు. ఒకే కాగితం. రెండూ పదేసి ఫారాలు. రెండూ ఒకే రోజు కింద పొడవాటి బల్ల మీదికి చేరాయి. మా బైండరు నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడు. కళ్లు మూసుకుని కుట్టగలడు. ఆ రోజు యజమాని పక్కనే నిలబడి కానీ కానీ అని తొందరపెడుతుంటే, ఇంచుమించు కళ్లు మూసుకునే కుట్టాడు. తొమ్మిదో నంబరు దొంతరలు రెండూ ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి.

ఫలితం ఏమిటంటే, ప్రొఫెసరు గారి యుద్ధం పుస్తకంలో నూట ఇరవై తొమ్మిదో పేజీ నుంచి పదహారు పేజీల పాటు గుండ్రటి లేసు అల్లి ముగించే విధానం వచ్చింది, బొమ్మలతో సహా. క్రోషే పుస్తకంలో అదే చోట ‘బయల్దేరే ముందు’ అనే తొమ్మిదో అధ్యాయం వచ్చింది. యుద్ధానికి ఓటేసే ముందు ఏ దేశమైనా కాగితం మీద జవాబు రాసుకోవలసిన ఐదు ప్రశ్నలు అందులో ఉన్నాయి. ప్రొఫెసరు గారి పన్నెండేళ్ల కష్టానికి గుండెకాయ ఆ అధ్యాయమే.

పుస్తకాలు సోమవారం బయటికి వెళ్లాయి. మంగళవారం పొద్దున్నే, నేను ఇంకా గొడుగు కూడా మూయకముందే, అక్కయ్య ఫోన్ చేసింది.

“ఒరేయ్, లేసు సగంలో ఉండగా నీ పుస్తకం నన్ను యుద్ధంలోకి దింపిందిరా. నూట ఇరవై తొమ్మిదో పేజీ తీసి చూసుకో.”

చూసుకున్నాను. పది గంటలకి ఆఫీసు గుమ్మంలో నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మధ్యాహ్నానికి మెట్ల మీద వరస కట్టారు. ఒకావిడ సగం అల్లిన లేసు కూడా పట్టుకొచ్చి, ఇక్కడే ఆగిపోయిందని నా ముక్కు మీదికి చాచి చూపించింది. బుధవారం సాయంత్రానికల్లా అమ్ముడైన క్రోషే పుస్తకాలు ఒక్కటి తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఆ ఒక్కటీ కొన్నావిడ ఊళ్లో లేదట. వచ్చాక తిడతానని పక్కింటావిడతో కబురు పంపింది.

మరి యుద్ధం పుస్తకాలో? ఒక్కటంటే ఒక్కటి రాలేదు!

పాఠకులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అంతమంది సభ్యులు. అన్ని పత్రికలు. అన్ని టీవీలు. దేశానికి దిశ చూపించే మేధావులందరి బల్లల మీదా ఆ పుస్తకం ఉంది. ప్రశాంతంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన అతి పెద్ద తప్పు, దేశంలోకెల్లా తెలివైన వాళ్ల కళ్ల ముందు రోజుల తరబడి పడుకుని హాయిగా గుర్రు పెట్టింది. ఇంత భద్రత బ్యాంకు లాకర్లో దొరుకుతుందా?

గుర్రు పెట్టడమే కాదు, సన్మానాలు కూడా చేయించుకుంది. ఒక పత్రికలో సమీక్షకుడు పుస్తకం మొత్తంలో తొమ్మిదో అధ్యాయం మరీ లోతుగా ఉందని రాశాడు. ఆ అధ్యాయం చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచిందట. పొడవదూ మరి! అందులో దారం తెగితే ముడి కనపడకుండా ఎలా దాచాలో ఉంది. ఇంకో పత్రిక, రచయిత సమస్య చుట్టూ గుండ్రంగా తిరగకుండా సూటిగా విషయంలోకి వెళ్లారని మెచ్చుకుంది. పదహారు పేజీల్లో గుండ్రంగా తిరగడం తప్ప ఇంకేమీ లేదు.

టీవీ వాళ్లయితే ఇంకా ఒక మెట్టు పైకెక్కారు. క్రోషే పుస్తకాల్లో ఏ కుట్టు ఎక్కడ పడాలో చూపించే పటాలుంటాయి. మధ్యలో సున్నా, దాని చుట్టూ చిన్న చిన్న గుణకారం గుర్తులు, వరసలు వరసలుగా. ఒక చానల్ ఆ పటాన్ని గోడంత చేసి చూపించింది. పేరు వ్యూహ పటం! రిటైరైన సైనికాధికారి ఒకాయన కర్ర పుచ్చుకుని, ఈ గుణకారం గుర్తులు మన దళాలని, మధ్యలో సున్నా శత్రువని, ఆరో వరసకల్లా వాళ్లకి ఊపిరాడదని వివరించాడు. యాంకరమ్మ నోరు వెళ్లబెట్టి వింది. ఆ పటం టీపాయ్ గుడ్డది. ఆరో వరసలో పూసలు కట్టాలి.

నేను తప్పు ఒప్పుకుందామని యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట కిందికి దిగి బైండరుని పట్టుకుని చెడామడా తిట్టారు. నలభై ఏళ్లలో ఎవరిచేతా ఒక మాట పడనివాడు తలవంచుకుని నిలబడ్డాడు. పేరు తీసేయించింది నేనేనని చెప్పాను గానీ, అప్పటికే యజమాని ఊపులో ఉన్నారు. తిట్టడం అయ్యాక మేడెక్కి, కుర్చీలో కూర్చుని, తీరిగ్గా ఆలోచించి, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎవరూ కనిపెట్టని తప్పు తప్పెలా అవుతుందని నన్నే అడిగారు. ఇరవై ఆరేళ్లుగా జీతం తీసుకుంటున్నది ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే. అయినా తలూపి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

ప్రొఫెసరు గారికి చెప్పకపోతే మాత్రం నాకు పుట్టగతులుండవనిపించింది. బుధవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన అద్దం ముందు నిలబడి, ఇంకో చానల్‌కి వెళ్లడానికి కోటు వేసుకుంటున్నారు. విషయం చెప్పాను. పుస్తకం తీసి పేజీ చూపించాను. ఆయన మంచం అంచున కూర్చుండిపోయారు. ఒక చెయ్యి కోటులో ఉంది, ఒకటి బయట ఉంది.

“ఎవరైనా అడిగారా?” అన్నారు.

ఎవరూ అడగలేదని చెప్పాను.

“నిన్న మూడు చానళ్లలో కూర్చున్నానండీ. ముగ్గురూ తొమ్మిదో అధ్యాయం అద్భుతం అన్నారు. నేను థాంక్స్ కూడా చెప్పాను.”

ఆయన్ని చూస్తే నాకు కన్నీళ్లాగలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక రచయిత కూడా దాన్ని తెరవడు, ముందు దాని వాసన చూస్తాడు, తర్వాత అట్ట మీద తన పేరు చూస్తాడు. ఆయన తప్పేం లేదు. ఆ పదహారు పేజీలూ ఎవరి చేతికి వెళ్లాయని అడిగారు. మా అక్కయ్య గురువారం క్రోషే క్లాసుకొచ్చే ఆడవాళ్ల చేతికని చెప్పాను. చదివారా అన్నారు. చదవకపోతే నన్నెందుకు తిడతారన్నాను. ఆయన కోటు విప్పేసి, మర్నాడు క్లాసు ఎన్నింటికో అడిగారు.

గురువారం మధ్యాహ్నం మా అక్కయ్య ముందుగదిలో నేను చూసిన దృశ్యం ఏ విశ్వవిద్యాలయంలోనూ చూడలేరు. క్రోషే పుస్తకం చదవడం అలవాటైన వాళ్లకి ఒక రోగం ఉంటుంది. ఒక్క వాక్యం వదలరు. వదిలితే మూడు వరసల తర్వాత లేసు గిన్నెలా ముడుచుకుపోతుందని వాళ్లకి తెలుసు. ఫారం తప్పని తెలిసి తిరిగిచ్చేశారు గానీ, ఇచ్చేముందు ఆ పదహారు పేజీలూ వాక్యం వాక్యం పెన్సిలు పెట్టుకుని చదివారు. పోస్టుమాస్టరమ్మ అయితే మొత్తం నోటుబుక్కులోకి ఎత్తి రాసుకుంది. చివర ఐదు ప్రశ్నలు కనపడేసరికి, ఎవరూ అడక్కపోయినా జవాబులు రాయడం మొదలుపెట్టారు. పుస్తకం చెప్పింది కదా, చెయ్యొద్దూ?

చెయ్యలేకపోయారు. ఏం జరిగితే మనం గెలిచినట్టు అన్నది మొదటి ప్రశ్న. పత్రికలన్నీ తిరగేసినా దానికి నాలుగు రకాల జవాబులు దొరికాయట. ఆపమని చెప్పేది ఎవరు, ఎప్పుడు అన్న రెండోదానికి ఒక్కటీ దొరకలేదు. అవతలివైపు పోయినవాళ్లని ఎవరు గుర్తుపెట్టుకుంటారన్న దగ్గర పళ్ల డాక్టరమ్మ పెన్సిలు కింద పెట్టేసింది. తిరిగొచ్చినవాళ్లకి ఏమని చెబుతామన్నది అలాగే ఖాళీగా ఉంది. ఎవరింటి నుంచి ఎవరు వెళ్తారన్న ప్రశ్నకి మాత్రం మా అక్కయ్య ఒక్కతే జవాబు రాసింది. ఒక పేరు. మిగతా పదిమందీ ఆ కాగితం వైపు చూడకుండా అల్లుకుంటూ కూర్చున్నారు.

ప్రొఫెసరు గారికి కుర్చీ వేశారు. వేసి, ఖాళీగా కూర్చోవడమెందుకని చేతికి ఒక దారం ఉండ ఇచ్చి పట్టుకోమన్నారు. ఆయన భక్తిగా పట్టుకున్నారు. తన పుస్తకాన్ని మొదటిసారి చదివినవాళ్లు వీళ్లేనని ఆయనకి అర్థమైపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకోవాలంటే చేతులు ఖాళీ లేవు. అప్పుడు అక్కయ్య ఆయన్ని ఒక మాట అడిగింది.

“మా పుస్తకంలో మొదటి పేజీలోనే చెబుతారండీ. ఎంత దారం పడుతుంది, ఏ సూది కావాలి, అయ్యాక ఎలా ఉంటుంది, అన్నీ. మీ పెద్దమనుషులు దారం ఎంతో కూడా చూసుకోకుండా మొదలెడతామంటున్నారు. మధ్యలో అయిపోతే ఎవరి అల్లిక విప్పి వాడతారు?”

ఆ మాట తన పుస్తకంలో లేదని, ఉండాల్సిందని ప్రొఫెసరు గారు తర్వాత మెట్లు దిగుతూ నాతో అన్నారు.

అందరూ కలిసి సభ్యులకి ఒక ఉత్తరం రాశారు. ఐదు ప్రశ్నలూ ఎత్తి రాసి, మీ పుస్తకంలో ఉండాల్సిన పేజీలు పొరపాటున మా పుస్తకంలోకి వచ్చాయని, మేం చదివామని, మాకు తోచని జవాబులు ఓటింగుకి ముందు మీరు చెప్పాలని అడిగారు. పదకొండు సంతకాలు. పోస్టుమాస్టరమ్మ స్వయంగా నిలబడి రిజిస్టరు చేయించింది. ఇలాంటి ఉత్తరం దేశంలో ఇంకే పుస్తకం వల్లయినా పుట్టిందా? తప్పు బైండింగు గొప్పతనం గురించి ఇంకా సందేహం ఉందా మీకు?

జవాబు కూడా వచ్చింది. మంగళవారమే! సభ్యులందరి తరఫున ఒకే ఉత్తరం, రెండు ముద్రలతో. అల్లికల మీద మీకున్న ఆసక్తికి అభినందనలు, మీ ప్రతిపాదనను కుటీర పరిశ్రమల శాఖకు పంపాం, సైనికులకు ఉన్ని టోపీలు అల్లి ఇవ్వదలచినవారు కొలతల కోసం జిల్లా కార్యాలయాన్ని సంప్రదించగలరు అని ఉంది. అక్కయ్య ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆవిడ ఏదైనా రెండుసార్లే చదువుతుంది. మడిచి పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. క్రోషే పుస్తకాల్లోంచి ఊడదీసిన ఫారాలు ఎలాగూ నా దగ్గర గుట్టగా ఉన్నాయి. యజమానికి చెప్పకుండా వాటిని సంచుల్లో నింపుకుని, రెండు రోజులు సెలవు పెట్టి, సభ్యుల ఇళ్లకి తిరిగాను. అందరికంటే గట్టిగా అరిచే సభ్యుడు ఒకాయన ఉన్నాడు. టీవీలో ఆయన మీసాలు ముందు వస్తాయి, ఆయన తర్వాత వస్తాడు. వాళ్లింటి ముందుగదిలో సెక్రటరీ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. మంచివాడే. నేను పదహారు పేజీలు చేతికిచ్చి, ఓటింగులోగా సార్‌కి చూపించమని బతిమాలాను.

“సార్ ఇప్పుడు యుద్ధం పనిలో ఉన్నారండీ. చదవడానికి తీరికెక్కడిది? ఓటింగు అయ్యాక ప్రశాంతంగా చూస్తారు.”

అన్ని ఇళ్లలోనూ ఇంచుమించు ఇదే మాట. కొన్ని చోట్ల మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

శుక్రవారం పొద్దున్న ఓటింగు. మేం మేడ మీద టీవీ పెట్టుకుని చూశాం. మీసాల సభ్యుడు లేచాడు. ప్రొఫెసరు గారి పుస్తకం ఎత్తి సభకంతా చూపించాడు. చదివాడేమో! కనిపెట్టాడేమో! ఆయన సహాయకులు పెన్సిలుతో గీసిపెట్టిన పేజీ తీసి, ఈ దేశం గర్వించదగ్గ మేధావి ఏమన్నారో వినండని గర్జించాడు.

“జాలి పడకూడదు!”

సభ సభంతా బల్లలు చరిచింది. ఆ వాక్యం నూట ముప్పై మూడో పేజీలోది. నాకు కంఠస్థం. ఎప్పుడో పోయిన ఆ క్రోషే ఆవిడ రాసిన మాట మొత్తం ఇది: తప్పు కుట్టు కనబడితే అక్కడి దాకా విప్పేయాలి, ఇంత దూరం అల్లాక విప్పడమా అని జాలి పడకూడదు. బల్లలు చరుస్తూనే ఉన్నారు. భోజనాల వేళకి ముందే యుద్ధం నెగ్గింది. అంటే, ఓటింగు నెగ్గింది.

ఆదివారం హారన్ వెళ్లొస్తానని చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. యూనిఫారం ఇంకా వేసుకోలేదు గానీ జుట్టు అప్పుడే పొట్టిగా కత్తిరించుకుంది. మా ఆవిడ పెట్టినవన్నీ తింది, నన్ను ఆటపట్టించింది, నా వల్ల యుద్ధంలో లేసులు అల్లుతారని నవ్వింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“మావయ్యా, ఆ ప్రశ్నల్లో మిగతావి వదిలెయ్. ఎప్పుడు ఆపుతారో ఒక్కటి తెలిస్తే చెప్పు, చాలు.”

తెలియదని చెప్పాను. నాకు తెలియదన్న సంగతి దానికి మొదట్నుంచీ తెలుసు, నా చేత చెప్పించింది అంతే. తల మీద చెయ్యి పెట్టాను. పొట్టి జుట్టు గుచ్చుకుంది.

పాఠకులారా, తారుమారు బైండింగు వల్ల దేశానికి కలగగల అసలు మేలు ఏమిటో ఇప్పుడు చెబుతాను. మంగళవారం మా ప్రెస్సుకి ప్రభుత్వం నుంచి ఆర్డరు వచ్చింది. వీడ్కోలు సభలో పంచడానికి రెండు చిన్న పుస్తకాలు. ఒక్కోటి ఒకే ఫారం, పదహారు పేజీలు. మొదటిదానికి ‘ధీరులు’ అని అట్ట. లోపల యుద్ధానికి ఓటేసిన సభ్యుల పేర్లు. రెండోదానికి ‘సరిహద్దుకు బయల్దేరేవారు’ అని అట్ట. లోపల మొదటి విడతలో వెళ్లేవాళ్ల పేర్లు. రెండూ ఒకే సైజు. ఒకే కాగితం. రెండూ ఒకే రోజు అదే బల్ల మీదికి వస్తాయి. నేను చేయవలసింది నేను చేశాను. ఏ ఫారం ఏ పుస్తకానిదో తెలిపే పేరు అడుగున లేకుండా తీసేయించాను. మళ్లీ పేజీ అందం కోసమే అనుకోండి.

ముందు ప్రూఫ్ నా బల్ల మీదికి వచ్చింది. రెండో పుస్తకం పదకొండో పేజీలో మా పిల్ల పేరుంది. హారన్ అని కాదు. స్కూల్లో రాయించిన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. ఎవరో వేరే అమ్మాయి అనిపించింది. ఒక్క అక్షరం తప్పు దొరికినా చాలు, ఈ పేరు గలవాళ్లెవరూ లేరని ఎర్రసిరాతో కొట్టేసి వెనక్కి పంపుదామని చూశాను. నాలుగుసార్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టాను.

తర్వాత కిందికి దిగాను. బైండరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆయన కొడుకు పెళ్లి సంగతులు, మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడించాను. మధ్యలో కానీ కానీ అని తొందరపెట్టాను. ఆయన బయల్దేరేవాళ్ల ఫారాలు తీస్తుంటే చేతికి దగ్గరగా ‘ధీరులు’ అట్టలు జరిపాను. పనిమాలా టీ తెప్పించి ఆయన దృష్టి మరల్చాను. పెద్దాయన టీ తాగాడు, అట్టలు వాటి చోటికి మళ్లీ జరుపుకున్నాడు, ఒక్కో ఫారం విప్పి లోపల పేర్లు చూసి మరీ అట్టలో పెట్టాడు. ఆ పెద్దమనిషి అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేనెప్పుడూ చూడలేదు.

“పోయినసారి నా వల్ల మీకు మాటొచ్చింది బాబూ. ఈసారి పొరపాటు రానివ్వను.”

రానివ్వలేదు. నా సర్వీసు మొత్తంలో ఒక్క తప్పూ లేకుండా బయటికి వెళ్లిన పుస్తకాలు ఆ రెండే.